చేతిపని మాకు, చదువు మీకా?

ఈ మధ్య మా పేటల్లోకి వచ్చే పెద్దమనుషులందరూ ఒకటే సలహా మోసుకొస్తున్నారు. పిల్లోడు ఇంటరు గట్టెక్కితే చాలు, "బి.ఏ. ఎందుకయ్యా, చరిత్ర చదివి ఏం చేస్తాడు, తత్వశాస్త్రం కూడు పెడుతుందా, ఏదన్నా పని నేర్పే కోర్సులో వెయ్యండి, నాలుగు డబ్బులు కళ్ళజూస్తారు" అంటున్నారు. చెప్పేవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. మేము వాళ్ళ మనసును శంకించటం లేదు. మేము అడిగేది ఒక్కటే. అయ్యా, మీ పిల్లల్ని ఎక్కడ చేర్చారు? 2014లో హర్యానాలోని సోనీపట్‌లో వచ్చిన అశోకా యూనివర్సిటీలో చేర్చారు. 2018లో మన తిరుపతి దగ్గర శ్రీసిటీలో వచ్చిన క్రియా యూనివర్సిటీలో చేర్చారు. అక్కడ వాళ్ళు చదివేది ఏమిటి? చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం, అర్థశాస్త్రం, పక్కనే కంప్యూటరు, దాని పక్కనే సంగీతం, నాటకం. ఏడాదికి లక్షల రూపాయలు పోసి మరీ చదివిస్తున్నారు. మీ పిల్లలకు పనికొచ్చిన చరిత్ర మా పిల్లలకు ఎందుకు పనికిరాకుండా పోయింది?

ఈ చదువుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు లిబరల్ ఆర్ట్స్. పేరు విని బొమ్మలు గీసే చదువనుకునేరు. అది కాదు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. స్వేచ్ఛ గలవాడు నేర్వదగిన విద్యలు అని దాని అర్థం. రోమన్ల కాలంలో వ్యాకరణం, తర్కం, సభలో మాట్లాడే నేర్పు, గణితం, ఖగోళం, సంగీతం స్వేచ్ఛ గలవాడివి. చేతిపనులు బానిసవి. ఎవడు ఆలోచించాలి, ఎవడు మొయ్యాలి అనేది చదువు పేరులోనే రాసి పెట్టారు. చూశారా, మనువు తమ్ముళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. తేడా ఒక్కటే. అక్కడ యజమాని తల్చుకుంటే బానిసకు విడుదల దొరికేది. ఇక్కడ పుట్టుకకు విడుదల లేదు.

మరి నిన్నటిదాకా బానిసలైనవాళ్ళు తెల్లారి లేచి, ఆ స్వేచ్ఛ గలవాడి చదువే మాకు కావాలి అని కూర్చుంటే ఏమవుతుంది? ఆ కథ జరిగింది. మన పల్లెల్లో ప్రతి ఇంట్లో చెప్పుకోవలసిన కథ అది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్ పట్టణం, ఫిస్క్ యూనివర్సిటీ.

సంకెళ్ళు అమ్మి పుస్తకాలు కొన్నారు

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. 1866 జనవరి 9న నాష్‌విల్‌లో సైన్యం వదిలేసిన ఆసుపత్రి కొట్టాల్లో ఒక బడి తెరిచారు. తెరిచింది అమెరికన్ మిషనరీ అసోసియేషన్ వాళ్ళు. చోటు ఇప్పించిన జనరల్ క్లింటన్ ఫిస్క్ పేరే బడికి పెట్టారు. అంతకుముందు దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో బానిసకు అక్షరం నేర్పటం నేరం. అందుకే బడి తలుపు తెరిచీ తెరవగానే జనం విరగబడ్డారు. ఏడేళ్ళ పసివాళ్ళు, డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ ఊళ్ళో బానిసల్ని అమ్మే సంత దగ్గర తుప్పుపట్టిన సంకెళ్ళు, బేడీలు పోగుచేసి, పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారని ఆ కాలేజీ చరిత్రలో చెప్పుకుంటారు. అన్నలారా, అక్కలారా, ఈ ఒక్క మాట చాలదా? కాళ్ళకు వేసిన ఇనుము కరిగి చేతిలో పుస్తకమయ్యింది.

మరుసటి ఏడాదే, 1867లో, దాన్ని యూనివర్సిటీ అని రిజిస్టరు చేశారు. ఎంత పొగరు అనుకుని ఉంటారో చుట్టుపక్కల దొరలు! నిన్న పత్తి చేలో వంగినవాడికి యూనివర్సిటీయా? అవును, యూనివర్సిటీయే. లాటిన్ నేర్పారు. గ్రీకు నేర్పారు. లెక్కలు, సైన్సు, తత్వం, సంగీతం నేర్పారు. 1875లో మొదటి జట్టు డిగ్రీ పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది. పనికిరాని చదువు అని నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు మనకు కొత్తా?

సిగ్గుపడిన పాటే కాలేజీని నిలబెట్టింది

అయిదేళ్ళు తిరిగేసరికి డబ్బు అయిపోయింది. కొట్టాలు కూలిపోతున్నాయి. మూసేద్దాం అనే మాట వచ్చింది. అప్పుడు ఖజానా చూసే జార్జి వైట్ అనే ఆయన తొమ్మిదిమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని 1871 అక్టోబరు 6న పాటలు పాడి డబ్బు తేవటానికి బయలుదేరాడు. అందులో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. పియానో వాయించే ఎల్లా షెపర్డ్ అనే పిల్ల కూడా బానిసగా పుట్టిందే. మొదట్లో వాళ్ళు తెల్లవాళ్ళు మెచ్చే పాటలు పాడారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తమ అమ్మలూ అవ్వలూ పత్తి చేలల్లో పాడుకున్న పాటలు వాళ్ళ గుండెల్లో ఉన్నాయి గానీ, వాటిని నలుగురిలో పాడటానికి మనసొప్పలేదు. అవి బానిసతనం నాటి పాటలు. కొంత సిగ్గు, కొంత భక్తి. ఆ పాటలు సభలో ఎత్తుకున్న రోజునుంచి కథ మారింది. మొదటి యాత్రలోనే 20,000 డాలర్లు వచ్చాయి. 1873లో ఇంగ్లండు వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. ఏడేళ్ళలో మొత్తం 1,50,000 డాలర్ల దాకా పోగుచేశారు. దారిలో హోటళ్ళవాళ్ళు గదులివ్వలేదు, రైళ్ళలో అవమానించారు, పాడిపాడి ఆరోగ్యాలు పోగొట్టుకున్నారు. కానీ 1876 జనవరి 1న జూబిలీ హాలు అనే పెద్ద భవనం తెరిచారు. ఆ సింగర్ల పేరే దానికి. అది ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఏటా అక్టోబరు 6ను ఆ కాలేజీ జూబిలీ దినంగా జరుపుకుంటుంది.

ఇక్కడ ఆగి మన సంగతి చూసుకుందాం. మన డప్పు ఏ కాలేజీ సిలబస్‌లో ఉంది? చిందు, బైండ్ల కథ, జాంబపురాణం ఏ క్లాసులో చెప్తున్నారు? మన పిల్లోడు హాస్టలుకు పోగానే మొదట దాచుకునేది వాళ్ళ నాన్న డప్పు కొడతాడనే మాట. చదువంటే తన ఇంటి పాటను మరిచిపోవటం అని నేర్పిన చదువు మనది. ఇంటి పాటతోనే కాలేజీ గోడలు లేపుకున్న చదువు వాళ్ళది. లాటిన్ చదివినందుకు వాళ్ళ పాట పోలేదు. పాట పాడినందుకు వాళ్ళ లాటిన్ తగ్గలేదు. రెండూ మావే అన్నారు.

టస్కెగీ దారి, ఫిస్క్ దారి

ఇప్పుడు అసలు తగువు దగ్గరకొద్దాం. 1881లో అలబామాలో టస్కెగీ అనే చోట బుకర్ వాషింగ్టన్ మరో సంస్థ పెట్టాడు. ఇటుకలు కాల్చటం, వడ్రంగం, వ్యవసాయం, వంట, కుట్టుపని నేర్పాడు. ఆయన కూడా బానిసగా పుట్టినవాడే, కష్టజీవి, మనం తిట్టవలసిన మనిషి కాడు. కానీ 1895 సెప్టెంబరు 18న అట్లాంటా సభలో తెల్లవాళ్ళ ముందు నిలబడి, మావాళ్ళు ముందు చేతిపనితో బాగుపడతారు, సమానత్వం కోసం ఇప్పుడే గోల చెయ్యటం తెలివితక్కువ అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. దేశంలో షావుకార్లందరికీ ఆ మాట తేనెలా తగిలింది. డబ్బు సంచులు టస్కెగీ వైపు దొర్లాయి. 1903లో కార్నెగీ ఒక్కడే 6 లక్షల డాలర్లిచ్చాడు. పనిమంతుడైన నల్లవాడు వాళ్ళకు కావాలి. ప్రశ్న అడిగే నల్లవాడు అక్కర్లేదు.

ఎదురు నిలబడినవాడు ఎవరు? ఫిస్క్ విద్యార్థే. డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్. ఉత్తరాదిలో పుట్టి, 1885లో పదిహేడేళ్ళ వయసులో ఫిస్క్‌కు వచ్చాడు. అక్కడే తనలాంటివాళ్ళ మధ్య మొదటిసారి కూర్చున్నాడు. కాలేజీ పత్రిక ఫిస్క్ హెరాల్డ్‌కు సంపాదకత్వం చేశాడు. వేసవి సెలవుల్లో టెనెసీ పల్లెల్లో బడిపంతులుగా పనిచేసి తన జనం ఎలా బతుకుతున్నారో చూశాడు. 1888లో పట్టా పుచ్చుకున్నాడు. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు తీసుకున్న మొదటి నల్లజాతీయుడయ్యాడు. 1903లో ఆయన అడిగిన ప్రశ్న చాలా చిన్నది. అయ్యా, టస్కెగీలో వడ్రంగం నేర్పే పంతుళ్ళకు చదువు ఎక్కడినుంచి వచ్చింది? ఫిస్క్ లాంటి కాలేజీల నుంచే గదా! వాషింగ్టన్ భార్య మార్గరెట్ మర్రే కూడా ఫిస్క్‌లో చదివిన మనిషే. చేతిపని బడి నడవాలన్నా ఆలోచించే మనిషి కావాలి. ఆ మనిషి మనలోనుంచి రాకపోతే ఎవరిలోనుంచి వస్తాడు? దొరల్లోనుంచి వస్తాడు. వచ్చి మన పిల్లలకు ఎంత చెప్పాలో కొలిచి చెప్తాడు.

ఇది అమెరికా సంగతే అనుకుంటే పొరపాటు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ఒక పథకం తెచ్చాడు. పల్లెటూరి బడిపిల్లలు సగం పూట బడికి రావాలి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలి. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇంటి వృత్తి అంటే ఏమిటి? పురోహితుడి కొడుకు ఇంట్లో నేర్చేది ఒకటి, పాకీపని చేసేవాడి కొడుకు ఇంట్లో నేర్చేది ఇంకొకటి. పెరియార్ అది కులవిద్య అని పేరుపెట్టి వీధిలోకి లాగాడు. 1954లో కామరాజు వచ్చి దాన్ని రద్దు చేశాడు. రద్దయ్యింది పథకమే. ఆలోచన రద్దు కాలేదు. అది చొక్కా మార్చుకుని తిరుగుతూనే ఉంది.

బాబాసాహెబ్ ఏం చదివాడు? ఏం కట్టాడు?

ఎవరెన్ని చెప్పినా మనకు గీటురాయి ఒక్కటే. బాబాసాహెబ్ ఏం చేశాడు? బడిలో ఆయనకు సంస్కృతం చెప్పము పొమ్మన్నారు, పారశీకం చదువుకోవలసి వచ్చింది. అదే మనిషి 1913లో న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. అర్థశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4 చదివాడు. ఫ్రెంచి, జర్మన్ కూడా మొదలుపెట్టాడు. "ఉద్యోగానికి ఏది పనికొస్తుందో అదొక్కటే చెప్పండి" అని అడగలేదు. మానవశాస్త్రం చదివినవాడు కాబట్టే 1916లో అక్కడే కులం పుట్టుక మీద వ్యాసం చదివాడు. అర్థశాస్త్రం చదివినవాడు కాబట్టే రూపాయి సమస్య మీద పుస్తకం రాశాడు. న్యాయం, చరిత్ర, తత్వం కలిసి ఒక బుర్రలో చేరాయి కాబట్టే రాజ్యాంగం రాసే కుర్చీలో ఆయన కూర్చోగలిగాడు. ఒక్క పని నేర్పి పంపి ఉంటే మనకు ఒక మంచి పనిమంతుడు దక్కేవాడు. అంబేడ్కర్ దక్కేవాడు కాదు.

సరే, చేతికి అధికారం వచ్చినప్పుడు ఆయన కట్టిన మొదటి కాలేజీ ఏది? 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. ఆర్ట్స్, సైన్స్ కాలేజీ అది. 1950లో ఔరంగాబాద్‌లో మరో కాలేజీ మొదలుపెట్టాడు. అదే మిలింద్ కాలేజీ. చేతిపని నేర్పే బడి పెడితే చందాలు బాగా వచ్చేవి. ఆయన అది చెయ్యలేదు. 1946లోనే ఆయన డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన అర్జీ ప్రతులు పంపమని అడిగాడు. అంటరానివాళ్ళ స్థితి, నల్లవాళ్ళ స్థితి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆ చదువు తనకు అవసరమన్నాడు. డుబాయిస్ జవాబిచ్చాడు. బొంబాయికీ నాష్‌విల్‌కూ మధ్య దారి మనం ఇవాళ కొత్తగా వేస్తున్నది కాదు. ఆ ఇద్దరు పెద్దలు ఎప్పుడో నడిచిన దారి.

మన తెలుగులో జాషువా సంగతి చూడండి. పద్యం మాది, నువ్వు ముట్టుకోవద్దు అన్నారు. ఆయన పద్యాన్నే పట్టుకున్నాడు. వాళ్ళ ఛందస్సులో వాళ్ళకంటే బాగా రాసి 1941లో గబ్బిలాన్ని ఎగరేశాడు. పద్యం కూడు పెడుతుందా అని ఆయన్నీ అడిగే ఉంటారు.

కాలేజీ అంటే క్లాసు ఒక్కటే కాదు

ఫిస్క్‌లో అంతా బంగారం అని మేము చెప్పటం లేదు. అలా చెప్తే అది భజన అవుతుంది. 1915లో ఫాయెట్ మెకెంజీ అనే తెల్లాయన అధ్యక్షుడయ్యాడు. పెద్ద పెద్ద ఫౌండేషన్ల నుంచి డబ్బు తేవటంలో గట్టివాడు. ఆ డబ్బు కోసం విద్యార్థుల నోరు నొక్కాడు. ఫిస్క్ హెరాల్డ్ పత్రికను ఆపేశాడు. విద్యార్థి సంఘం లేకుండా చేశాడు. ఆడపిల్లల బట్టల మీద, ఆడా మగా మాట్లాడుకోవటం మీద ఆంక్షలు పెట్టాడు. 1924లో కూతురి పట్టాల పండగకు వచ్చిన డుబాయిస్ అదే వేదిక ఎక్కి దాన్ని ఎండగట్టాడు. 1925 ఫిబ్రవరిలో విద్యార్థులు తిరగబడ్డారు. ఆయన పోలీసుల్ని పిలిచాడు. విద్యార్థులు క్లాసులు మాని వారాల తరబడి సమ్మె చేశారు. ఊళ్ళో నల్లజనం వాళ్ళ వెనక నిలబడ్డారు. ఏప్రిల్‌లో మెకెంజీ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఎవడి డబ్బుతో కాలేజీ నడుస్తుందో వాడికి అణిగి ఉండాలని చెప్పినవాడికి, చరిత్రా తత్వమూ చదివిన పిల్లలు ఇచ్చిన జవాబు అది. అంత చేసినా నల్లజాతి మనిషి అధ్యక్షుడి కుర్చీకి రావటానికి 80 ఏళ్ళు పట్టింది. 1946లో చార్లెస్ జాన్సన్ వచ్చాడు. సమాజశాస్త్రవేత్త. కుర్చీ కోసం కూడా కొట్లాడాలి. ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వరు.

1960 సంగతి ఇంకా పెద్దది. డయాన్ నాష్ అనే పిల్ల షికాగో నుంచి ఫిస్క్‌లో చదవటానికి వచ్చింది. ఊళ్ళో దుకాణాల్లో నల్లవాడు సామాను కొనవచ్చు గానీ అక్కడి బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగకూడదు. మన టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతికి అన్నదమ్ముల వరస అది. ఊళ్ళో ఉన్న నల్లజాతి కాలేజీల పిల్లలందరూ కలిశారు. జేమ్స్ లాసన్ అనే పాస్టరు వాళ్ళకు నెలల తరబడి తర్ఫీదు ఇచ్చాడు. కొడితే ఏం చెయ్యాలి, ఉమ్మితే ఏం చెయ్యాలి అని. ఈయన అంతకుముందు మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో మూడేళ్ళు పనిచేసి వెళ్ళినవాడు. 1960 ఫిబ్రవరి 13న వందమందికి పైగా పిల్లలు వెళ్ళి ఆ బల్లల దగ్గర కూర్చున్నారు. పుస్తకాలు తెరిచి చదువుకున్నారు. తన్నులు తిన్నారు. జైలుకు పోయారు. ఏప్రిల్ 19న వాళ్ళ వకీలు ఇంటిమీద బాంబు పడింది. ఆ రోజే వేలమంది మౌనంగా నడిచి నగర కార్యాలయానికి వెళ్ళారు. మెట్ల మీద నిలబడి డయాన్ నాష్ మేయరును సూటిగా అడిగింది, రంగు చూసి మనిషిని వేరుచెయ్యటం తప్పా కాదా అని. తప్పే అని ఆయన నలుగురి ముందు ఒప్పుకోవలసి వచ్చింది. మే 10న బల్లలు తెరుచుకున్నాయి. ఆ పోరాటంలో ఉన్న జాన్ లూయిస్ తర్వాత ఫిస్క్‌లోనే మతం, తత్వశాస్త్రం చదివి 1967లో పట్టా తీసుకున్నాడు, ఆపైన మూడు దశాబ్దాలకు పైగా అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నాడు.

సూటి ప్రశ్న అడగటం ఏ వర్క్‌షాపులో నేర్పుతారు? అది హాస్టల్లో రాత్రిపూట జరిగే వాదాల్లో వస్తుంది. పత్రికలో రాస్తే వస్తుంది. నాటకం ఆడితే, పాట కట్టితే వస్తుంది. క్యాంపస్ జీవితం అంటే అది. మన పిల్లలకు క్యాంపస్ అంటే ఏమిటి? మొదటి రోజే "నీ ర్యాంకెంత" అనే ప్రశ్న. అది ర్యాంకు అడిగినట్టే ఉంటుంది, అడిగేది కులం. మెస్సులో ఒక బల్ల, గదిలో ఒక మూల, గైడు దొరకని పరిశోధన, ఆగిపోయిన స్కాలర్‌షిప్పు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అతను నక్షత్రాల గురించీ మనుషుల గురించీ ఒకేసారి ఆలోచించిన పిల్లోడు. హాస్టలు గదినుంచి వెలివేసి, బయట వెలివాడ కట్టుకునేలా చేసిన క్యాంపస్ అది. సీటు దొరికితే చాలదు. ఆ చోటు మనది కావాలి.

ఫిస్క్ చిన్న కాలేజీ. ఇవాళ కూడా వెయ్యి మంది చిల్లర విద్యార్థులు. బీదది. 1949లో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ఇచ్చిన బొమ్మల సంపదను గడవక 2012లో ఆర్కాన్సాస్ మ్యూజియంతో 3 కోట్ల డాలర్లకు పంచుకోవలసి వచ్చింది. అయినా 1930లో దక్షిణాదిలో నల్లజాతి కాలేజీలన్నిటికంటే ముందు గుర్తింపు తెచ్చుకుంది. 2004 నుంచి పక్కనున్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీతో కలిసి తన పిల్లల్ని భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రంలో డాక్టరేటు దాకా ఎక్కించే వంతెన వేసింది. ఆ వాండర్‌బిల్టే 1960లో జేమ్స్ లాసన్‌ను గెంటేసింది. గెంటినవాళ్ళ చేతనే తలుపు తీయించింది చిన్న కాలేజీ. మనుషుల్ని తయారుచెయ్యటానికి వెయ్యి ఎకరాలు, అద్దాల మేడలు అక్కర్లేదు.

మన ముందున్న తలుపులు

ఇప్పుడు మన దేశం. 2020 జాతీయ విద్యా విధానం అన్ని విద్యలూ కలిపి చదవాలి అంటుంది. తక్షశిల, నలందల పేర్లు చెప్తుంది. బాణుడి కాదంబరిలో 64 కళలు ఉన్నాయి, అదే మన లిబరల్ ఆర్ట్స్ అంటుంది. చాలా సంతోషం. తోలు ఊనటం, మగ్గం నెయ్యటం, కుండ చెయ్యటం, డప్పు మోగించటం తెలిసినవాళ్ళు ఆ గురుకులాల గడప లోపల ఉన్నారా, బయట ఉన్నారా? అది మాత్రం రాయలేదు. కళ మనది, కళల లెక్క వాళ్ళది.

అదే విధానంలో ఇంకొక ముచ్చట ఉంది. డిగ్రీ నాలుగేళ్ళు. కానీ మధ్యలో ఎప్పుడైనా దిగిపోవచ్చు. ఏడాదికి దిగితే సర్టిఫికెట్టు, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్సు. వినటానికి సౌకర్యంగా ఉంది. బస్సులో ఎక్కడ పడితే అక్కడ దిగే వీలు. కానీ దిగేది ఎవరు? నాన్నకు జబ్బు చేసినవాడు దిగుతాడు. స్కాలర్‌షిప్పు రానివాడు దిగుతాడు. చెల్లెలి పెళ్ళి అప్పు ఉన్నవాడు దిగుతాడు. ఆడపిల్ల దిగుతుంది. చివరి స్టాపుదాకా కూర్చునేది టిక్కెట్టు డబ్బు ఇంట్లో ఉన్నవాడే. ఇన్నాళ్ళూ మన పిల్లోడు చదువు మానేస్తే అది ప్రభుత్వం సిగ్గుపడవలసిన విషయం. ఇకనుంచి అది మన పిల్లోడు "ఎంచుకున్న" మార్గం అవుతుంది. చేతిలో ఒక కాగితం పెట్టి సాగనంపుతారు. చాతుర్వర్ణానికి నాలుగు మెట్లు ఉన్నట్టే ఈ చదువుకూ నాలుగు మెట్లు. ఏ మెట్టు మీద ఎవరు మిగులుతారో లెక్క తియ్యకపోతే మనం మోసపోతాం.

ఇక లక్షల ఫీజుల యూనివర్సిటీలు. స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం గదా అంటారు. ఇస్తారు, కాదనం. కానీ దయ వేరు, హక్కు వేరు. రాజ్యాంగానికి 93వ సవరణ చేసి 15(5) చేర్చారు, 2006 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్లకు చట్టం చేయవచ్చని అది చెప్తుంది. 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025లో పార్లమెంటు విద్యా స్థాయీ సంఘం కూడా ప్రైవేటు ఉన్నత విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు ఇచ్చే చట్టం తెమ్మని సిఫారసు చేసింది. తాళంచెవి ఢిల్లీలో ఉంది. తిప్పే చెయ్యి లేదు.

కూడు సంగతి మాకు తెలియక కాదు. మా ఇళ్ళల్లో ఆకలి ఉంది. ఇంజనీరింగు చదివి ఉద్యోగం తెచ్చుకున్న మా పిల్లల్ని చూసి మేము పొంగిపోతాం. ఇంజనీరు కావద్దని మేము చెప్పటం లేదు, ఇంజనీరుకు కూడా చరిత్ర తెలియాలి అంటున్నాం. ఉద్యోగం మనిషిని నిలబెడుతుంది. జాతిని నిలబెట్టేది ఆలోచన. కారంచేడు, చుండూరు జరిగినప్పుడు మన తరఫున రాసినవాళ్ళు, వాదించినవాళ్ళు, పాట కట్టినవాళ్ళు లేకపోతే మన చావుల్ని వాళ్ళ మాటల్లోనే చదువుకునేవాళ్ళం.

కాబట్టి మేము అడుగుతున్నాం. ప్రైవేటు యూనివర్సిటీల్లో రిజర్వేషన్లకు పార్లమెంటు వెంటనే చట్టం చెయ్యాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పిల్లలు లేరనే సాకుతో చరిత్ర, తెలుగు, తత్వశాస్త్రం గ్రూపులు ఎత్తెయ్యకూడదు. పంతుళ్ళను వెయ్యకుండా పిల్లలు రాలేదంటే ఎలా? ఏటా ఏ మెట్టు దగ్గర ఎంతమంది దిగిపోయారో కులాలవారీగా లెక్క బయటపెట్టాలి, నాలుగో ఏడాది దాకా స్కాలర్‌షిప్పు ఆగకూడదు. తెలంగాణలో 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు వచ్చాయి. మన ఆడపిల్లలు, అందరూ హాస్టల్లోనే, చిన్న చిన్న కాలేజీలు. ఫిస్క్ మొదలైనప్పుడు దానికి ఇంతకంటే ఏమున్నాయి? వాటిలో మంచి గ్రంథాలయం పెట్టండి. విద్యార్థి పత్రిక పెట్టండి. విద్యార్థి సంఘానికి ఎన్నికలు పెట్టండి. కంప్యూటరు పక్కనే తత్వశాస్త్రం చెప్పండి, డప్పుకు మార్కులు వెయ్యండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది జరగాలి.

చివరి మాట మన పేటలవాళ్ళకు. అమ్మా, అయ్యా, పిల్ల బి.ఏ. చదువుతానంటే బెంగపడకండి. చరిత్ర చదువుతానంటే, మన చరిత్ర రాసే మనిషి ఇంట్లో పుట్టింది అనుకోండి. ఒక్క పని చేయించుకునేవాడికి మన చేతులు చాలు. మన తల ఎవరికీ అక్కర్లేదు, మనకు తప్ప. అందుకే దాన్ని మనమే చదివించుకోవాలి.

జై భీం.